లీడర్ చొక్కా అప్పుగా కుట్టాలా వద్దా?

కత్తెర_తిరుపతి
నాది తిరుపతిలో చిన్న టైలర్ షాపు, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మొన్న మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు. బైక్ మెకానిక్ షెడ్డులో చేస్తాడు, గ్రీజు మరకలు లేని చొక్కాలో వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఏదో పార్టీ యువజన విభాగంలో మండలం పదవి ఇచ్చారంట. ఆరు తెల్ల లినెన్ చొక్కాలు కుట్టమన్నాడు, గుడ్డ కూడా నేనే తేవాలంట, డబ్బులు మెల్లగా ఇస్తాడంట. రెండు చాలవారా అంటే, "అన్నా, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మార్చకపోతే ఫోటోలో మనల్ని ఎవరు పక్కన నిలబెట్టుకుంటారు" అన్నాడు.

అప్పు సంగతి అట్లా ఉంచండి. పార్టీలో చేరిన వారం లోపల మనిషి బట్టలెందుకు మారిపోతాయి? ఇది నేను షాపులో కూర్చొని చూస్తూనే ఉన్నా. 2004లో రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయినాక పంచెకట్టు మీదికి పొడుగు చేతుల తెల్ల చొక్కాలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అంతకు ముందు ప్యాంట్లు వేసుకొని తిరిగినవాళ్లే. జగన్ పాదయాత్ర నడిచిన రోజుల్లో ఖాకీ రంగు ప్యాంటు గుడ్డ పట్టుకొచ్చారు. ఇప్పుడు గుడ్డ కూడా తేరు, ఫోన్లో ఫోటో చూపించి "ఈ కాలరే కావాలి" అంటారు. ఆయన భుజాలు వేరు నీ భుజాలు వేరు అంటే వినరు.

చంద్రగిరి_కోట
అప్పుగా మాత్రం కుట్టొద్దనా. పదవి పోతే చొక్కాతో పాటు మనిషి కూడా కనపడడు.

కుప్పం_కుర్రోడు
ఇందులో వింతేముంది సామీ. పోలీసుకు ఖాకీ, లాయరుకు నల్ల కోటు, పార్టీవాడికి తెల్ల చొక్కా. అది యూనిఫాం, అంతే. మా ఊళ్లో పెండ్లికి తెల్ల చొక్కా వేసుకొని పోతే "ఏ పార్టీ?" అని అడుగుతున్నారు ఇప్పుడు.

ఎస్వీయూ_పాతకాపు
టైలర్ అన్న అడిగిన దాంట్లో చాలా ఉంది. నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీ చేసినవాణ్ణి, ఉద్యోగం మాత్రం దానికి సంబంధం లేనిది, అందుకని ఇలాంటి చోట్లే నా చదువు బయటికి తీస్తుంటా, కాస్త ఓర్చుకోండి.

ఉద్యమాల బట్టల గురించి చదివేటప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది ఏమంటే, చాలా రంగులు ఎవరో కూర్చొని ఆలోచించి పెట్టినవి కావు, గోడౌనులో మిగిలిపోయిన సరుకు. ఇటలీని ఒకటి చేయడానికి 1860లో గరిబాల్డీ వెంట నడిచినవాళ్లను ఎర్రచొక్కాలు అనేవాళ్లు కదా. ఆ ఎర్ర చొక్కా అంతకు ముందే దక్షిణ అమెరికాలో, మాంటెవిడియోలో ఆయన దళానికి వచ్చింది. పశువులను కోసే కార్ఖానాల్లో పనివాళ్ల కోసం తయారుచేయించినవి, రక్తం మరక కనపడకుండా ఎరుపు. యుద్ధం వల్ల అమ్ముడు పోకపోతే వీళ్లకు చవగ్గా దొరికాయి. హిట్లర్ మనుషుల గోధుమరంగు చొక్కాలు కూడా అంతే, మొదటి ప్రపంచయుద్ధంలో ఆఫ్రికా వలసల్లోని జర్మన్ సైన్యం కోసం చేయించి మిగిలిపోయిన సరుకు. తక్కువకు వచ్చింది, కొన్నారు. ఆ తర్వాత ఆ రంగు చూస్తే జనం వణికిపోయే రోజులొచ్చాయి.

అంటే చవక చొక్కా ముందు, సిద్ధాంతం దాని మీద తర్వాత కుట్టారు.

కత్తెర_తిరుపతి
ఇది బాగుంది! మిగిలిన థానును ఎట్లా వదిలించుకోవాలో తెలిసినవాడే వ్యాపారి అని మా మేస్త్రీ అనేవాడు.

పీలేరు_టు_లియాన్
అన్నా మీరు చెప్పినట్టే ఫ్రాన్సులో నేను కళ్లారా చూశా. 2018 నవంబరులో డీజిల్ పన్ను మీద గొడవ మొదలైనప్పుడు అందరూ పసుపు జాకెట్లు వేసుకొని రౌండబౌట్ల దగ్గర నిలబడ్డారు. రాత్రి కార్ల లైట్లకు మెరిసే రకం, రోడ్డు పనివాళ్లు వేసుకుంటారే అవి. అన్ని ఎక్కడి నుంచి వచ్చాయి అనుకుంటారేమో, 2008 నుంచి ప్రతి కారులో ఒకటి ఉండాలని అక్కడ చట్టం. అంటే కారున్న ప్రతి ఇంట్లో ఉద్యమం యూనిఫాం పదేళ్ల ముందే ఉంది, ప్రభుత్వమే కొనిపించింది. ఎవరూ టైలర్ దగ్గర అప్పు పెట్టలేదు.

ఇంకోటి, నేను ఆ టైంలో మామూలు వాన జాకెట్ పసుపుది వేసుకొని కూరగాయలకు పోతే ఒకాయన హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. నాకు ఫ్రెంచి కూడా సరిగా రాదు, తల ఊపి వచ్చేశా.

నగరి_మగ్గం
మిగిలిన సరుకు అనే మాట మన కండువాలకు వర్తించదు సార్. మాది పవర్‌లూమ్ కుటుంబం. ఎన్నికలొస్తే కండువాలకు మాకేదో పండగ అనుకుంటారు. పార్టీ కండువా ఎవరూ మెడలో రెండు గంటలకు మించి ఉంచరు, కాబట్టి నూలుది ఎందుకు కొంటారు? పాలిస్టర్ థాను, దాని మీద ప్రింటు. చెమట పీల్చదు, ఉతికితే రంగు పోతుంది, పోయినా పర్వాలేదు, సాయంత్రానికి దాంతో బండి తుడుస్తారు.

ఒక్క కండువా మాత్రం నాకు బాగా గుర్తుంది. 2021 డిసెంబరులో అమరావతి రైతులు న్యాయస్థానం నుంచి దేవస్థానం అని నలభై అయిదు రోజులు నడిచి తిరుపతి వచ్చారు. ఆకుపచ్చ కండువాలు. పని మీద వెళ్లి ఆ గుంపు పక్కన నిలబడ్డా. ఒక పెద్దామె కండువాకు అంచులు పీలికలై ఉన్నాయి, దాంతోనే మొహం తుడుచుకుంటోంది, దాన్నే తలకు చుట్టుకుంటోంది. రాజధాని విషయంలో ఎవరి అభిప్రాయం వాళ్లది, నేను అందులోకి పోను. వాడిన కండువాకూ తొడిగిన కండువాకూ తేడా మాత్రం నేతవాడికి దూరం నుంచే తెలుస్తుంది.

పూతలపట్టు_లాయర్
ఒక చిన్న సమాచారం. ఆ పాలిస్టర్ కండువా, టోపీ కూడా ఎన్నికల ఖర్చు లెక్కలోకి వస్తాయి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, 2022లో పెంచారు. పోలింగు కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం కుదరదు కాబట్టి ఆ రోజు అందరూ కండువా మడిచి జేబులో పెట్టుకుంటారు, జేబులోంచి కాస్త రంగు కనపడేలా. దాని మీద పోలీసుకూ ఏజెంటుకూ గొడవ నేను ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నా.

ఇంగ్లండులో అయితే ఏకంగా 1936లో చట్టమే తెచ్చారు, రాజకీయ యూనిఫాం వేసుకొని బహిరంగంగా తిరగకూడదని. ముస్సోలినీని చూసి అక్కడ కొందరు నల్లచొక్కాలు వేసుకొని వీధుల్లో కొట్లాటలకు దిగితే వచ్చిన చట్టం అది.

కుప్పం_కుర్రోడు
నల్లచొక్కా అంటే మాకు ముస్సోలినీ గుర్తుకు రాడు సార్, పక్కనే తమిళనాడు. పెరియార్ మనుషులు వేసుకునేది నలుపు. దేవుడు లేడు అని చెప్పడానికి వాళ్లకు నలుపు, ఆ పక్క వీధిలోనే శబరిమలకు పోయే స్వాములకు నలుపు. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో రెండు రకాల నలుపూ కనపడతాయి. రంగులో ఏముంది, అది ఏ ఊళ్లో ఎవరి ఒంటి మీదుందో చూడాలి.

అంబేద్కర్_కాలనీ
ఇంతసేపు చదివా. అందరూ చొక్కా తొడగడం గురించే మాట్లాడుతున్నారు. తొడగనివ్వకపోవడం గురించి ఎవరూ అనలేదు.

గాంధీ గారు 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, తలపాగా వదిలేసి కొల్లాయి కట్టారు. పేదవాళ్లకు కట్టుకోను గుడ్డ లేనప్పుడు నాకెందుకు అని. గొప్ప విషయమే, కాదనను. కానీ మా తాతకు ఆ పాఠం అక్కర్లేదు, ఆయనకు ఎప్పుడూ కొల్లాయే. పెద్దవీధిలో నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవాలి, భుజం మీద తువ్వాలు నడుముకు చుట్టుకోవాలి. తెల్ల పంచె ఇస్త్రీ చేసి కట్టుకుంటే "ఏమిరా, పెండ్లికొడుకువా" అని అడిగేవాళ్లు. ఆ మాట వెనకాల ఏముందో తాతకు తెలుసు, వెంటనే ఇంటికిపోయి విప్పేసేవాడంట.

అందుకే మా కాలనీ మొదట్లో బాబాసాహెబ్ విగ్రహం నీలం కోటు, టై, జేబులో పెన్నుతో ఉంటుంది. మా నాయన ప్రతి ఏప్రిల్ 14కి ఆ విగ్రహం బూట్లకు తానే నల్ల రంగు వేసేవాడు, ఇంకెవర్నీ వేయనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు, మనిషి మొహం వదిలేసి బూట్ల మీద అంత శ్రద్ధ ఏమిటా అని.

ఆ మెకానిక్ పిల్లోడు ఏ ఇంటి నుంచి వచ్చాడో నాకు తెలీదు. ఆరు తెల్ల చొక్కాలు అడిగాడని నవ్వకండి అని మాత్రం అంటున్నా.

కత్తెర_తిరుపతి
నవ్వలేదన్నా. కాదు, కొంచెం నవ్వా. మీరు చెప్పాక ఇప్పుడు నవ్వట్లేదు.

చంద్రగిరి_కోట
అన్న చెప్పింది నిజమే, కానీ నా కోపం వేరేవాళ్ల మీద. నాలుగు కార్లున్న మనిషి ప్రచారానికి వచ్చి హవాయి చెప్పులు వేసుకొని టీ బంకులో గ్లాసు పట్టుకొని ఫోటో. బజ్జీలు వేస్తాడు, బట్టలు ఇస్త్రీ చేస్తాడు, గడ్డం గీస్తాడు. ఇస్త్రీ చేసేవాడి చేతిలోని పెట్టె లాక్కొని చొక్కా మీద మసి చేసిపోయాడు మా వీధిలో ఒకాయన, ఆ చొక్కా నాదే. సాదాగా కనపడటమే అన్నిటికన్నా ఖరీదు బట్ట. తెల్లది రోజూ తెల్లగా ఉండాలంటే గంజి పెట్టేవాడు ఒకడు, ఇస్త్రీ చేసేవాడు ఒకడు, ఏసీ కారు ఒకటి కావాలి.

తాతయ్యగుంట_మొక్కు
వేషం అంటే తిట్టులా మాట్లాడుతున్నారు మీరంతా. తిరుపతిలో కూర్చొని ఆ మాటెట్లా అంటారు? గంగమ్మ జాతర వారంలో ఉన్నాం.

పాలెగాడు ఆడవాళ్లను చెరుస్తున్నాడని గంగమ్మ వాణ్ణి పట్టడానికి రోజుకో వేషం వేసింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి (ఊరి పనివాడి) వేషం. వాడు బయటికి రాలేదు. దొర వేషం వేసినప్పుడు వచ్చాడు. తనకన్నా పెద్దోడు వచ్చాడనుకొని కలవడానికి వచ్చాడు, తల తెగింది. ఆ మరుసటి రోజు మాతంగి వేషంలో పోయి వాడి పెండ్లానికి ఓదార్పు చెప్పింది. బైరాగికి, తోటికి తలుపు తీయనివాడు దొర బట్టలు చూసి తీశాడు. ఇంతకన్నా పెద్ద రాజకీయ పాఠం మీ గరిబాల్డీ దగ్గర ఉందా?

ఎస్వీయూ_పాతకాపు
లేదు. ఒప్పుకుంటున్నా.

దీనికి తోడు మన చిత్తూరు ఎంపీ శివప్రసాద్ గారిని మరిచిపోయారు అందరూ. 2009 నుంచి 2019 వరకు ఎంపీ, చదివింది డాక్టరీ, సినిమాల్లో నటించారు. విభజన మీద, తర్వాత ప్రత్యేక హోదా మీద పార్లమెంటు ఆవరణలో రోజుకో వేషం. నారదుడు, కృష్ణుడు, స్కూలు పిల్లాడు, 2018 ఆగస్టులో ఏకంగా హిట్లర్. ఢిల్లీ వాళ్లు విదూషకుడన్నారు, విదేశీ పత్రికలు హిట్లర్ ఫోటో వేసి విస్తుపోయాయి. నాకైతే ఆ హిట్లర్ వేషం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, ఆ మీసం సరదాగా పెట్టుకునేది కాదు. కానీ మన ఊళ్ల నుంచి చూస్తే ఆయన చేసింది జాతర పనే. గంగమ్మ వేషాలు చూస్తూ పెరిగిన ప్రాంతం మనిషి, తలుపు తీయనివాడి ముందు రోజుకో వేషం వేశాడు. తలుపు తీశారా అంటే అది వేరే సంగతి. 2019 సెప్టెంబరులో పోయారు పాపం.

పలమనేరు_అక్క
మగవాళ్ల చొక్కాల గురించి ఇంత రాశారు, ఆడవాళ్ల సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను ఒకసారి స్థానిక ఎన్నికల్లో నిలబడ్డా, మహిళా రిజర్వేషన్ సీటు. మొదటి మీటింగు ఏజెండా లేదు, ఓటర్ లిస్టు లేదు, నా చీర గురించే. పట్టు కడితే డబ్బున్నదని అంటారు, నైలెక్స్ కడితే చులకన అవుతుంది, కాటన్ కట్టమ్మా. నల్లపూసలు పెద్దవి వేసుకో, గాజులు తక్కువ, జడ వేసుకో, కొప్పు పెడితే వయసు కనపడుతుంది. ఇవన్నీ చెప్పింది నలుగురు మగవాళ్లు, వాళ్లలో ఒకాయన చొక్కా గుండీ ఊడి ఉంది.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. అందులో నేను పాతికేళ్లదాన్ని, రంగు మా ఇంట్లో ఎవరికీ లేని రంగు. నా పక్కన మా ఆయన ఫోటో నా కన్నా పెద్దది. మా పాప చూసి "అమ్మా, నాన్న పక్కన ఎవరు?" అంది.

వాట్సాప్‌లో ఎదుటి పార్టీ వాళ్లు నా లావు మీద రాసినవి ఇక్కడ రాయను. మా పార్టీ వాళ్లు దానికి బదులుగా ఎదుటి అభ్యర్థి పళ్ల మీద రాశారు, నన్ను అడక్కుండానే. ఆమె, నేను ఒకే బడిలో చదువుకున్నాం. ఇప్పటికీ బస్టాండులో కనపడితే ఇద్దరం తల తిప్పుకుంటాం.

ఫ్లెక్సీ_డిజైనర్
అక్కా ఆ ఫ్లెక్సీ నేను చేసింది కాకూడదని కోరుకుంటున్నా 🙏

మా దగ్గర పద్ధతి చెప్తా. పదేళ్ల కింద దిగిన ఫోటో ఒకటి ప్రతి లీడర్ దగ్గరా ఉంటుంది, అదే పంపుతారు. జుట్టు నింపాలి, గదమ కింద కండ తీసేయాలి, చర్మం తెల్లగా చేయాలి. ఇది ఎంత పెరిగిందంటే, ఒకాయన సంతాపం ఫ్లెక్సీకి వాళ్ల నాయన ఫోటో తెచ్చి, ఎనభై దాటి పోయిన మనిషికి "కొంచెం ఫేస్ బ్రైట్ చెయ్" అన్నాడు. తలల సైజు లెక్క ఇంకో తలనొప్పి, ఎవరి తల ఎంత పెద్దది, ఎవరు ఎవరి పైన. దాని మీద ఒకసారి రాత్రి రెండింటికి మా షట్టర్ కొట్టారు.

ఈ మధ్య కుర్రాళ్లు ఇంకోటి మొదలుపెట్టారు, చొక్కాలో కండలు కనపడేలా భుజాలు పెంచమంటున్నారు. రీల్స్‌లో చూస్తారు, దవడ ఇట్లా ఉండాలి, ఛాతీ ఇట్లా ఉండాలి, అప్పుడే మగాడు, అప్పుడే నాయకుడు అని.

ఎస్వీయూ_పాతకాపు
ఆ భుజాలు పెంచడం చూస్తే నాకు భయమేస్తుంది తమ్ముడూ. ముస్సోలినీ గోధుమ పొలాల్లో చొక్కా విప్పి ఫోటోలు దిగింది ఇందుకే. పుతిన్ 2009లో చొక్కా లేకుండా గుర్రమెక్కింది ఇందుకే. గాంధీ చొక్కా విప్పితే బక్క ఒళ్లు కనపడింది, ఆ బక్క ఒళ్లే ఆయన చెప్పదలచుకున్న మాట. వీళ్లు విప్పితే కండ కనపడాలి. ఒళ్లు బాగున్నవాడిదే రాజ్యం అని ఒప్పుకుంటే, ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒళ్లు బాగలేనివాళ్లు ఎందుకు అని. జర్మనీలో ఆ ప్రశ్న అడిగారు, 1939 నుంచి వికలాంగులను చంపారు కూడా. జిమ్ముకు పోయే ప్రతివాడూ అట్లా అవుతాడని కాదు, నేనూ పోతా, వారానికి ఒకరోజు.

కుప్పం_కుర్రోడు
ఎన్టీఆర్ సంగతి ఎవరూ ఎత్తలేదే. రాముడి వేషం, కృష్ణుడి వేషం వేసిన మనిషి పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాను మీద ఖాకీ బట్టల్లో ఊళ్లు తిరిగాడు. 1983లో తిరుపతిలో కూడా నిలబడి గెలిచాడు, గుడివాడ ఉంచుకొని మనల్ని వదిలేశాడు, మా తాత దానికి ఇప్పటికీ అలిగే ఉన్నాడు. తర్వాత కాషాయం కట్టాడు. ఆయన అల్లుడు చూస్తే ఏళ్ల తరబడి ఒకే రకం లేత రంగు చొక్కా ప్యాంటు. ఒకాయన మార్చి గెలిచాడు, ఒకాయన మార్చకుండా గెలిచాడు.

చంద్రగిరి_కోట
ఆ లేత రంగు వెనకాల కథ నాకు తెలుసు, కానీ జగన్ చొక్కా సంగతి చూస్తే

మోడరేటర్
ఇక్కడితో ఆపండి. పార్టీల పోలిక మొదలైతే ఏమవుతుందో పోయిన ఎన్నికల్లో చూశాం, మూడొందల కామెంట్లు తీసేయాల్సొచ్చింది. బట్టల గురించి రాయండి, మనుషుల గురించి వద్దు. చంద్రగిరి అన్నా, మిమ్మల్నే.

చంద్రగిరి_కోట
బట్టల గురించే కదా రాస్తోంది 😀 సరే.

ఒక్కటి మాత్రం చెప్పి పోతా. నేను వారానికోసారి మెట్ల దారిలో కొండెక్కుతా. అలిపిరి తనిఖీ దగ్గర పార్టీ జెండాలు, కండువాలు దాటనివ్వరు. పైన రాజకీయ ప్రసంగాలు వద్దని 2024 నవంబరులో టీటీడీ బోర్డు తీర్మానం కూడా చేసింది. అక్కడ కండువా తీసిన లీడర్లను చూడాలి, ఒక్క నిమిషం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు వాళ్లకు. కండువా కొసలు పట్టుకొని మాట్లాడటం అలవాటైపోయి ఉంటుంది. కల్యాణకట్టలో గుండు కూడా అయితే ఇంక పక్కన కూర్చున్నదెవరో చెప్పడం కష్టం. మా పక్కన ఒకాయన "కొంచెం జరగయ్యా" అంటే జరిగా, కిందికొచ్చాక తెలిసింది ఆయన మాజీ ఎమ్మెల్యే అని. తెలిసుంటే కూడా జరిగేవాణ్ణే, కానీ ఇంకొంచెం ఎక్కువ జరిగేవాణ్ణేమో.

అంబేద్కర్_కాలనీ
ఈ మాట బాగా చెప్పారు అన్నా, చివరిది.

పలమనేరు_అక్క
టైలర్ అన్నా, ఇంతకీ కుడుతున్నావా లేదా?

కత్తెర_తిరుపతి
నిన్న సాయంత్రం వాడు మళ్లీ వచ్చాడక్కా. నేను మీరంతా చెప్పింది తలలో పెట్టుకొని, మూడు చొక్కాలు కుడతా, లినెన్ వద్దు, మిక్స్ కాటన్ అయితే సగం ధరకే వస్తుంది, గంజి పెడితే తేడా ఎవరికీ తెలీదు, నెలకింత అని ఇవ్వు అన్నా. సరే అన్నాడు. జేబుల దగ్గర మాత్రం పట్టుపట్టాడు, రెండు జేబులు ఉండాలంట, లోపల ఫోన్ కనపడే పలచటి గుడ్డ కావాలంట. అంత పలచనైతే బనియన్ చిరుగు కూడా కనపడుతుందిరా అంటే కొత్త బనియన్ కొంటాలే అన్నాడు.

పోయేవాడు పోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏంరా అంటే సంచిలోంచి వాళ్లమ్మ చీర తీశాడు, మెరూన్ రంగు, జరీ అంచు. పోయినేడు వాళ్లమ్మకు ఆపరేషన్ అయినప్పుడు గంగమ్మకు మొక్కుకున్నాడంట, ఆడవేషం వేసి గుడికి వస్తానని. దానికి జాకెట్టు కావాలి, రేపటికే. "మీసం తీస్తావా?" అని అడిగా. "మొన్ననే ఫ్లెక్సీకి ఫోటో ఇచ్చానన్నా, మీసంతోనే పోతా" అన్నాడు.

చొక్కాలు వచ్చే వారం. జాకెట్టు ఇప్పుడు కట్ చేస్తున్నా, ఛాతీ, భుజం కొలతలు మళ్లీ తీయలేదు, చొక్కాకి తీసినవే పుస్తకంలో ఉన్నాయి.